మేలుజాతి దున్న.. పాడి రైతుకు దన్ను

ఆత్రేయపురం: ఆత్రేయపురం అనగానే పూతరేకులు గుర్తుకు వస్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయికి బియ్యపు రేకు, పంచదార లేదా బెల్లం ఎంత అవసరమో నెయ్యి కూడా అంతే అవసరం. ఆ నేతికి ఆధారమైన గేదె పాడి మంచి చెడ్డలను తరాల పాటు నిర్ణయించేది విత్తనపు దున్న. వరి విత్తనాన్ని నలుగురినీ విచారించి గానీ కొనని రైతు, ఎదకు వచ్చిన గేదెను మాత్రం దగ్గరలో ఏ దున్న ఉంటే దానికే కట్టించి ఇంటికి తోలుకువస్తున్న సందర్భాలు ఇప్పటికీ పల్లెల్లో కనిపిస్తాయి. పొరపాటు విత్తనం వేస్తే పోయేది ఒక పంట. పొరపాటు దున్నను దాటిస్తే ఆ ఫలితం ఇంట్లో పదేళ్లు ఉంటుంది.

ఊరి ఆబోతు నుంచి ముర్రా దాకా

పూర్వం పెద్దలు కాలం చేసినప్పుడు పదకొండో రోజున కోడెదూడకు అచ్చువేసి దేవుడి పేరిట వదిలే ఆచారం ఉండేది. అది ఎవరి చేలో మేసినా అదిలించేవారు కాదు. ‘అచ్చోసిన ఆంబోతు’ అనే మాట ఇప్పుడు తిట్టుగా మిగిలింది గానీ, ఆ ఆచారం వెనుక పశుపోషణ తెలిసిన బుద్ధి ఉంది. ఒంగోలు ప్రాంతంలో ఊరి పెద్దలు కూర్చుని, తల్లి పాలు, తండ్రి బలం, దూడ నడక చూసి మరీ అచ్చువేసే కోడెను ఎంపిక చేసేవారు. ఒంగోలు జాతి చెదరకుండా నిలవడానికి ఈ పద్ధతి తోడ్పడిందని పశుశాస్త్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఆ జాతి పశువులే సముద్రాలు దాటి బ్రెజిల్‌లో ‘నెల్లూరు’ పేరుతో లక్షలాది మందలుగా విస్తరించాయి. ప్రకాశం జిల్లా కరవది నుంచి 1960 దశకం తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన ఆబోతు ‘కర్వాడి’ పేరుతో నేటికీ ఆ దేశపు వంశావళి పుస్తకాల్లో నిలిచి ఉంది. ఒక్క మగపశువు విలువ ఎంతో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

డెల్టాలో మాత్రం పాడి అంటే గేదే. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత బొబ్బర్లంక వద్ద మొదలయ్యే మధ్య డెల్టా కాలువ కింద వరి విస్తరించింది. వరిగడ్డి, గట్ల మీది పచ్చిక, ఈదులాడేందుకు కాలువ నీరు.. మూడూ గేదెకు అనుకూలించినవే. ఇక్కడి నాటు గేదెలను హర్యానాలోని రోహ్‌తక్, హిసార్, జింద్ ప్రాంతాల ముర్రా దున్నలతో సంకరం చేయగా వచ్చిన మేలురకం గేదెలకు పాడి గ్రంథాల్లో ‘గోదావరి’ అనే పేరే ఏర్పడింది. ముర్రా అంటే మెలితిరిగినది అని అర్థం. చుట్ట తిరిగిన కొమ్ములు, నిగనిగలాడే నలుపు, తోక చివర తెల్ల కుచ్చు చూసి రైతులు దానిని గుర్తుపడతారు. అయితే కొమ్ము చూసి కొన్న దున్న తల్లి ఎన్ని పాలిచ్చిందో కొమ్ము చెప్పదు.

సగం పాలు దున్నవే

దున్న పాలివ్వదు కదా అని తేలిగ్గా తీసుకోవడమే అసలు చిక్కు. పుట్టబోయే పెయ్యదూడకు పాల గుణం సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. నాటు గేదెకు ముర్రా దున్నను దాటిస్తే తొలి తరంలో సగం ముర్రా రక్తం ఉంటుంది. ఆ పడ్డకు సంబంధం లేని మరో ముర్రా దున్నను దాటిస్తే 75 శాతం, ఆపై తరంలో 87.5 శాతం అవుతుంది. ఒక గేదె జీవితకాలంలో ఈనేది కొద్ది దూడలనే. దున్న మాత్రం సహజ సంపర్కంలోనే ఏటా యాభైకి పైగా గేదెలను చూలు కట్టించగలదు. అందుకే గేదెను ఎంచితే ఒక పాక, దున్నను ఎంచితే ఒక ఊరు బాగుపడతాయి.

చిక్కల్లా కాలంతోనే. గేదె చూలు 310 రోజులు, అంటే పది నెలల పది రోజులు. పుట్టిన పెయ్య ఎదిగి తొలిసారి ఈనడానికి మామూలుగా మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. ఈ రోజు దాటించిన దున్న మంచిదో కాదో పాలచెంబు చెప్పేసరికి ఐదేళ్లు గడుస్తాయి. ఈలోగా ఆ దున్న చేతులు మారి ఉంటుంది, లేదా సంతకు పోయి ఉంటుంది. అందుకే దున్నను దాని తల్లి పాల లెక్కను బట్టి ముందే ఎంచుకోవాలి. హర్యానా నుంచి తెచ్చామన్న మాట ఒక్కటే వంశావళి కాదు. తల్లి ఏ ఈతలో ఎన్ని రోజులకు ఎన్ని లీటర్లు ఇచ్చిందన్న కాగితం ఉంటేనే అది మేలుజాతి దున్న.

మూడో ఏడు దాటితే ముప్పే

ఒకే దున్న ఊళ్లో మూడేళ్లు మించి ఉంటే తన కూతుళ్లే ఎదకు వచ్చే వయసుకు చేరువవుతాయి. తండ్రీ కూతుళ్ల కలయికలో పుట్టే దూడలు గిడసబారడం, చూలు నిలవకపోవడం, పాలు తగ్గడం వంటి నష్టాలు ఎక్కువ. దున్నను రెండు, మూడేళ్లకు ఒకసారి దూరపు గ్రామంతో మార్చుకోవడం ఈ ముప్పుకు తేలికైన విరుగుడు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అయినా ఈ పని చేసే గ్రామాలు తక్కువే.

రెండో ముప్పు కంటికి కనిపించదు. బ్రూసెల్లోసిస్, ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్ వంటి వ్యాధులు దున్న ద్వారా ఒక గేదె నుంచి మరో గేదెకు పాకుతాయి. గేదెలు వరుసగా తిరగపొర్లుతున్నా, ఏడు, ఎనిమిది నెలల చూలు ఈడ్చుకుపోతున్నా ఊరంతా దిష్టి అనుకుంటారు గానీ దున్నకు రక్తపరీక్ష చేయించరు. బ్రూసెల్లోసిస్ మనుషులకూ సోకుతుంది. ఈసుకుపోయిన చూలును, మాయను ఉత్తి చేతులతో తీయడం, పచ్చి పాలు తాగడం ప్రమాదకరం. దీని నివారణకు 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యలకు ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేపట్టిన వ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకాను ఉచితంగా వేస్తున్నారు.

సూది ఒకటే, లెక్క వేరు

కృత్రిమ గర్భధారణను పల్లెల్లో ‘సూది’ అంటారు. మన దేశంలో ఇది 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో మొదలైంది. ఈ పద్ధతిలో తొలి గేదె దూడ 1943లో అలహాబాద్ వ్యవసాయ కళాశాలలో పుట్టింది. వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ చేయవచ్చని 1949లో ఇంగ్లాండులో తేలిన తరువాత దూరం అన్నది అడ్డు కాకుండా పోయింది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరిచిన పావు మిల్లీలీటరు గొట్టం ఎన్నేళ్లయినా పనిచేస్తుంది. విశాఖపట్నం, నంద్యాల వీర్యకేంద్రాల్లో వ్యాధి పరీక్షలు జరిపిన దున్నల నుంచి ఒక్కోదానికి ఏటా వేలాది మోతాదులు తయారు చేయవచ్చు. (పందెపు గుర్రాల్లో మాత్రం నేటికీ దీనికి అనుమతి లేదు. థరోబ్రెడ్ పిల్లను వంశావళి పుస్తకంలో నమోదు చేయాలంటే గుర్రానికి గుర్రం ఎదురుగా నిలబడాల్సిందే. అక్కడ మేటి మగగుర్రం దాటింపునకు లక్షలు పలకడానికి కారణం ఇదే.)

సూది విఫలమైతే రైతు తప్పు సిబ్బందిపై వేస్తాడు, సిబ్బంది రైతుపై వేస్తారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. నత్రజని తగ్గిన క్యానులోని గొట్టం ఎందుకూ కొరగాదు. గొట్టాన్ని 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి కరిగించాలి. చేతుల మధ్య నలిపి కరిగించే అలవాటు ఉన్నవారిని రైతు నిలదీయవచ్చు. ఇక గేదె ఎద 21 రోజులకు ఒకసారి వచ్చి ఒక రోజులోపే ముగుస్తుంది. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఆవులా గేదె గోల చేయదు. తీగలు సాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం వంటి చిన్న గుర్తులే దిక్కు. కాలువలు కట్టేసే వేసవిలో ఈతకు నీరు లేక, ఎండకు గేదెల్లో మూగ ఎద ఎక్కువవుతుంది. తప్పిన ప్రతి ఎదకూ మూడు వారాల దాణా దండుగే.

దున్న ఎక్కడ మేలు?

ఇన్ని చెప్పినా దున్న అవసరం తీరిపోలేదు. మూగ ఎదను మనిషి కంటే దున్నే ముందు పసిగడుతుంది. రెండు, మూడుసార్లు సూది వేసినా కట్టని గేదెలను, వ్యాధి లేదని పశువైద్యుడు నిర్ధారించాక దున్నకు చూపితే కొన్ని చూలు కడుతున్నాయి. లంక గ్రామాల సంగతి మరీ వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పటి వంటి రోజుల్లో పశువులు ఏటిగట్ల మీద ఉంటాయి. సూది వేసేవారు పడవ ఎక్కి రాలేరు. అటువంటి చోట పరీక్షించిన ఒక దున్నను ఉమ్మడిగా పోషించుకోవడమే సబబు.

గేదెకు ఇంతని సొమ్ము తీసుకుని దున్నను దాటించే యజమానిని రైతు మొహమాటం లేకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. దున్న తల్లి పాల లెక్క, ఊళ్లోకి వచ్చిన సంవత్సరం, ఈ ఏడాది చేయించిన బ్రూసెల్లోసిస్, క్షయ పరీక్షల కాగితం, గాలికుంటు టీకా తేదీ ముఖ్యం. రోజుకు ఒకటికి మించి దాటింపులు పెడుతుంటే వీర్యం పలచబడుతుందని గ్రహించాలి. మూడేళ్లు నిండని లేత దున్నను వాడకపోవడమే మంచిది. పెయ్యలే కావాలనుకునేవారికి లింగ నిర్ధారిత వీర్యం వచ్చింది. ఇందులో పది చూళ్లకు తొమ్మిది పెయ్యలే పుట్టే అవకాశం ఉంది. అయితే మామూలు గొట్టం కంటే ఖరీదు ఎక్కువ, చూలు కట్టే శాతం కొంత తక్కువ కనుక ఆరోగ్యమైన పడ్డలకే వాడడం లాభదాయకం.

దున్నకు కట్టించినా, సూది వేయించినా తేదీ, దున్న సంఖ్య లేదా గొట్టంపై ముద్రించిన సంఖ్య పాక గోడ మీదైనా రాసుకోవాలి. 21వ రోజున తిరిగి ఎద వచ్చిందేమో చూసుకోవాలి. రాకపోతే అరవై రోజుల తరువాత, మూడో నెల నిండకముందే పశువుల ఆసుపత్రిలో చూడి పరీక్ష చేయించాలి.