పిల్ల పెరిగింది, పాస్‌పోర్ట్ ఫోటో పెరగలేదు

ఇవాళ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మూడు నెలల పాపకు పాస్‌పోర్ట్ తీశారనుకోండి. మన దగ్గర చిన్నపిల్లల పాస్‌పోర్ట్ 5 ఏళ్లు చెల్లుతుంది. నాలుగున్నరేళ్ల తర్వాత శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడ్డారు. పుస్తకంలో ఉన్నది మెడ కూడా నిలవని పసిగుడ్డు. ఎదురుగా ఉన్నది రెండు జడలేసుకుని "అమ్మా, విమానం ఎప్పుడెక్కుతం?" అని సతాయిస్తున్న పిల్ల. తేదీ ప్రకారం పాస్‌పోర్ట్ కరెక్టే. ఫోటో ప్రకారం ఇద్దరూ ఒక్కరే అని కన్నతల్లి తప్ప ఎవరూ చెప్పలేరు.

మరి ఆఫీసర్ ఏం చూసి ముద్ర వేస్తున్నాడు? ముఖం గుర్తుపట్టడానికే కదా ఫోటో పెట్టింది? పిల్లల దగ్గర అది పనిచేయదని తెలిసి కూడా ఎందుకు ఉంచారు? ఇది తెలియాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి పోవాలి. ఆ కథలో మన తెలుగువాళ్లు మొదటి నుంచీ ఉన్నారు.

కాకినాడ పక్కన కోరంగి అని ఒక పాత రేవు. అక్కడి నుంచి, మద్రాస్ నుంచి మన కూలీలు మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కి పోయారు. అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనే పిలిచేవాళ్లు, ఆ రేవు పేరు అట్లా మనిషికి అంటుకుంది. 1860ల నడుమ నుంచి మారిషస్ ప్రభుత్వం ఈ కూలీలకు ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. 1867లో ఇంకో చట్టం తెచ్చింది. ఒప్పందం పూర్తయిన పాత కూలీ కూడా తన ఫోటో అంటించిన పాస్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా రోడ్డు మీద దొరికితే దేశదిమ్మరి కింద లెక్కకట్టి అరెస్ట్ చేసేవాళ్లు. దీని మీద 1871లో 9 వేల మందికి పైగా కూలీలు అర్జీ పెట్టుకున్నారు, అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన వాళ్ల తరఫున నిలబడ్డాడు, లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది. ఆనాటి ఫోటోలు ఇప్పటికీ మారిషస్‌లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఒక్క విషయం గమనించండి. అప్పటికి దొరలకు ఫోటో ఉన్న పాస్‌పోర్ట్ లేదు. యూరప్‌లో డబ్బున్నవాడు చాలా దేశాలు అసలు ఏ కాగితం లేకుండా తిరిగేవాడు. కాగితం మీద ముఖం అంటించాలన్న ఆలోచన ముందు కూలీ మీద వాడారు, తర్వాత లోకం మొత్తానికి రుద్దారు. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో ఇదే గుచ్చుకునే మాట.

అన్నిచోట్లా ఫోటో లేదు మళ్లీ. 1903 నుంచి 1916 దాకా మద్రాస్ నుంచి ఫిజీకి పోయిన కూలీల పాస్‌ల మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. ఒంటి మీద గుర్తులు అంటే నవ్వకండి, మన పదో తరగతి మెమో తీసి చూడండి. "కుడి చేతి మీద పుట్టుమచ్చ" అని రెండు లైన్లు ఉంటాయి కదా, అదే పద్ధతి. పిల్లల వరకు చూస్తే ఫోటో కంటే అదే నయం. ముఖం మారుతుంది గానీ మచ్చ ఎక్కడికీ పోదు.

ఇప్పుడు 1914కు వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం. కార్ల్ హాన్స్ లోడీ అనే జర్మన్ గూఢచారి బ్రిటన్‌లో దిగాడు. చేతిలో చార్లెస్ ఇంగ్లిస్ అనే అమెరికన్ పాస్‌పోర్ట్. అది దొంగ కాగితం కాదు, అసలుదే. ఇంగ్లిస్ అనే మనిషీ ఉన్నాడు. కాకపోతే పాస్‌పోర్ట్ మీద ఫోటో లేదు కాబట్టి ఎవడు పట్టుకుంటే వాడే ఇంగ్లిస్. లోడీ దొరికిపోయాడు, 1914 నవంబర్ 6న లండన్ టవర్‌లో కాల్చేశారు. ఆ తర్వాత అమెరికా ఫోటో తప్పనిసరి చేసింది, 1915లో బ్రిటన్ కూడా చేసింది. 1917లో యుద్ధం పేరు చెప్పి మన దేశంలోనూ బయటికి పోవాలంటే పాస్‌పోర్ట్ ఉండాల్సిందే అన్నారు. యుద్ధం అయిపోయింది, రూల్ అయిపోలేదు. 1920లో ఇండియన్ పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో నానాజాతి సమితి సమావేశం పెట్టి, పాస్‌పోర్ట్ అంటే 32 పేజీల చిన్న పుస్తకం అని నమూనా ఖాయం చేసింది.

మరి పిల్లలు? వాళ్ల సంగతి చాలా సింపుల్‌గా తేల్చేశారు. నాన్న పాస్‌పోర్ట్‌లో భార్య ఫోటో పక్కన అంటించేవాళ్లు. పిల్లలకు ఒక చిన్న గడి: పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా. ముఖం లేదు. తండ్రి ముఖమే పిల్లల ముఖం అన్నట్టు. మన దేశంలో కూడా చాలా ఏళ్లు ఇట్లనే నడిచింది, తల్లి లేదా తండ్రి పుస్తకంలో పిల్లల పేర్లు రాసేవాళ్లు.

ఇక్కడ ఒక తెలుగాయన గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1967 దాకా మన దేశంలో పాస్‌పోర్ట్ అంటే ప్రభుత్వం దయ. ఇస్తే ఇస్తుంది, లాక్కుంటే లాక్కుంటుంది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్ట్‌లు వాపస్ ఇచ్చేయమంటే ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది: విదేశాలకు పోవడం 21వ అధికరణం ఇచ్చే వ్యక్తి స్వేచ్ఛలో భాగం. ఐదుగురిలో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. మెజారిటీ తీర్పు ఇచ్చింది చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. తెల్లారే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. ఓడిపోయారు, గెలిచింది జాకీర్ హుస్సేన్, ఆయనేమో పుట్టింది హైదరాబాద్‌లో! సరే, ఆ తీర్పు దెబ్బకు ప్రభుత్వం హడావుడిగా ఆర్డినెన్స్ తెచ్చి, జూన్ 24న పాస్‌పోర్ట్ చట్టం చేసింది. ఇప్పటికీ మనం ఆ చట్టం కిందే ఉన్నాం.

తర్వాత మిషన్లు వచ్చాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఐకావో, రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఒక మనిషికి ఒక పాస్‌పోర్ట్, పసిబిడ్డ అయినా సరే. రెండు, ప్రతి పాస్‌పోర్ట్ మిషన్ చదవగలగాలి. చేత్తో రాసి, ఫోటో గమ్‌తో అంటించిన పాస్‌పోర్ట్‌లకు 2015 నవంబర్ 24 ఆఖరి తేదీ. మన దేశంలో అట్లాంటివి 2.86 లక్షలు మిగిలున్నాయని ప్రభుత్వం అంచనా వేసింది. ఇక పిల్లలకు వేరే పుస్తకం ఎందుకంటే, ఒక పెద్ద కారణం పిల్లల్ని ఎత్తుకుపోవడం. పరాయివాళ్లే కాదు, విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరు రెండోవాళ్లకు చెప్పకుండా దేశం దాటించడం కూడా. తండ్రి పుస్తకంలో పేరు ఒక్కటే ఉంటే, ఆ పేరుతో ఏ పిల్లనైనా దాటించొచ్చు. బ్రిటన్ 1998 అక్టోబర్ నుంచే పిల్లల పేర్లు ఎక్కించడం ఆపేసింది.

అంటే పిల్లలకు ముఖం వచ్చింది. కానీ ఆ ముఖం నిలవదు. అందుకే 5 ఏళ్లు. అమెరికా 16 ఏళ్లలోపు పిల్లలకు ఇచ్చేదీ 5 ఏళ్లకే. చిన్న పిల్లలకు 5 చాలా ఎక్కువ, పెద్ద పిల్లలకు మరీ తక్కువ. నడిమధ్యలో ఒక అంకె.

మా పెద్దవంగరలోనే చూశా. మా అక్క బిడ్డకు ఆరు నెలలప్పుడు ఫోటో దిగడానికి తొర్రూరు పోయాం. 4 ఏళ్లలోపు పిల్లలకు ఫోటో మనమే తీసుకెళ్లాలి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 4.5 బై 3.5 సెంటీమీటర్లు. స్టూడియో అన్న తెల్ల పంచె కింద పరిచి, పాపను పడుకోబెట్టి, స్టూలెక్కి పైనుంచి తీశాడు. కళ్లు తెరవాలి, నోరు మూయాలి, తల నిటారుగా ఉండాలి. ఆరు నెలల పిల్లకు ఈ మూడూ ఒకేసారి జరిగేది సెకనులో సగం సేపు. ఆ సగం సెకను ముఖంతో ఆ పిల్ల 5 ఏళ్లు తిరగాలి.

దీనివల్ల ఎక్కువ ఇబ్బంది పడింది అమెరికాలో పుట్టిన మనోళ్ల పిల్లలు. వాళ్లది అమెరికా పాస్‌పోర్ట్, మన దేశానికి రావడానికి ఓసీఐ కార్డు. ఈ ఓసీఐ పథకం మొదలైంది కూడా మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. రూల్ ఏంటంటే, 20 ఏళ్లు నిండేదాకా కొత్త పాస్‌పోర్ట్ తీసిన ప్రతిసారీ కార్డు కూడా మళ్లీ చేయించుకోవాలి. ముఖంలో వచ్చే మార్పులే కారణం అన్నారు. అదే అమెరికా తన పిల్లలకు ఏం చెప్తుంది? మామూలుగా పెరిగినందుకు కొత్త పాస్‌పోర్ట్ అక్కర్లేదు, గడువు దాకా వాడుకోండి అంటుంది. ఒకే పిల్ల, ఒకే ముఖం, రెండు దేశాలు రెండు మాటలు. 2019 చివర్లో పాత పాస్‌పోర్ట్ వెంట లేదని, కార్డు మార్చలేదని కొందరిని విమానం ఎక్కనివ్వలేదు. పిల్లలతో, సూట్‌కేసులతో, ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఎదురుచూస్తుండగా. 2021 మార్చిలో పాత పాస్‌పోర్ట్ మోయనక్కర్లేదన్నారు. ఏప్రిల్ 15న అసలు రూల్ మార్చారు: 20 దాటాక ఒక్కసారి కార్డు మార్చుకుంటే చాలు, అప్పటిదాకా కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన 3 నెలల్లో దాని కాపీ, కొత్త ఫోటో ఆన్‌లైన్‌లో పెడితే సరి, పైసా ఖర్చు లేదు. అప్పటికి ఇచ్చిన కార్డులు 37.72 లక్షలు. ఇంత చిన్న మార్పుకు పదిహేనేళ్లు పట్టింది.

"కంప్యూటర్ గుర్తుపడుతుంది కదా బ్రో" అంటారేమో. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ని, చెప్తా వినండి. ముఖాన్ని అంకెలుగా మార్చి, రెండు ఫోటోల అంకెలు ఎంత దగ్గరున్నాయో చూస్తుంది, అంతే. పసిపిల్లల ముఖాలు ఒకరివి ఒకరికి దగ్గరగా, తమ పాత ఫోటోలకు దూరంగా ఉంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో చాలా ప్రోగ్రామ్‌లు పరీక్షించి, పిల్లల్లో ఒకరిని ఇంకొకరనుకునే పొరపాట్లు ఎక్కువని తేల్చింది. మన ఆధార్ కూడా అదే ఒప్పుకుంటుంది: 5 ఏళ్లలోపు వేలిముద్రలు, కనుపాపలు తీసుకోరు, 5కి ఒకసారి, 15కి ఒకసారి అప్‌డేట్ చేయాలి. ఈ ఏడాది నుంచి కాదు, 2025 జనవరి నుంచే శంషాబాద్‌లో భారతీయులకు ఫాస్ట్ ట్రాక్ గేట్లు ఉన్నాయి, కానీ 12 ఏళ్లు నిండితేనే.

కాబట్టి పిల్ల విషయంలో కౌంటర్‌లో ఆఫీసర్ చూసేది ముఖం కంటే ఎక్కువగా మిమ్మల్ని. మన పాస్‌పోర్ట్ చివరి పేజీలో అమ్మానాన్నల పేర్లు ఉంటాయి కదా, పిల్లలకు అదే ప్రాణం. 2018 జనవరిలో ప్రభుత్వం ఆ పేజీ తీసేద్దామనుకుని, నెలాఖరుకే వెనక్కి తగ్గింది. మనకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే చాలామంది తెలుగు తల్లులకు పుట్టింటి ఇంటిపేరే పాస్‌పోర్ట్‌లో ఉంటుంది, బిడ్డకు నాన్న ఇంటిపేరు. బయటి దేశంలో ఆఫీసర్‌కు ఇంటిపేర్ల సంగతి తెలియదు, "ఈ పిల్ల నీ పిల్లేనా?" అని అడుగుతాడు.

అందుకని బర్త్ సర్టిఫికెట్ బ్యాగులో కాదు, చేతిలో పెట్టుకోండి. తల్లి ఒక్కతే లేదా తండ్రి ఒక్కడే తీసుకుపోతుంటే రెండోవాళ్ల సంతకంతో ఒక లెటర్ రాయించుకోండి. పిల్ల వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉండి, దానికి ఇంకా తేదీ ఉంటే రెండు పుస్తకాలూ పట్టుకెళ్లండి, పాతది దాచేసి పోకండి. ముఖం మరీ మారిపోయిందనిపిస్తే గడువు దాకా ఆగనక్కర్లేదు, రీఇష్యూ ఫారంలో రూపురేఖలు మారాయి అనే కారణం కూడా ఉంది.

పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ ముద్ర గురించి కూడా చెప్పాలి, అది గల్ఫ్‌తో మొదలయ్యే వేరే పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.