మడ అడవి కూడా అమానతే

1977 నవంబరు 19, శనివారం. ఈ తేదీ చెబితే చాలు, మన పెడన, బందరు వైపు అరవై దాటిన వారెవరైనా చేస్తున్న పని ఆపి ఒక్క నిట్టూర్పు విడుస్తారు. నేనప్పుడు బడిపిల్లవాణ్ణి. మా ఇంటి పెంకులు లేచిపోయాయి. అద్దకానికి సిద్ధం చేసిన తానులు బురదలో కలిసిపోయాయి. మా నాన్నగారు తడిసిన అచ్చులు ఒక్కొక్కటే తుడుచుకుంటూ "అల్లా, ఎంత నష్టం" అన్నారు. రెండు రోజుల తర్వాత దివిసీమ కబురు వచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో తానుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

సొర్లగొంది, మూలపాలెం, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు తాటిచెట్టంత అల వచ్చిందని చెప్పుకున్నారు. అధికారుల లెక్కలోనే పదివేల ప్రాణాలు పోయాయి. లెక్కకు అందనివారు ఇంకెందరో! అదే మొదటిసారి కూడా కాదు. 1864 నవంబరు 1న సముద్రం బందరు మీదికే వచ్చి సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది.

ఇప్పుడు ఈ సంచికలో ఇదంతా ఎందుకంటారా? ఉప్పెన తర్వాత పెద్దలు ఒక మాట అంటుండేవారు. మడ దట్టంగా ఉన్నచోట నీటి జోరు తగ్గిందనీ, నరికేసినచోట అడ్డు లేకపోయిందనీ. చిన్నప్పుడు అది ముసలివాళ్ళ మాటే అనుకున్నాను. తర్వాత ఒడిశాలో 1999 నాటి పెనుతుపాను మీద పరిశోధకులు లెక్కలు తీశారు. కేంద్రపడా జిల్లాలో సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తక్కువని తేలింది. 2009లో అచ్చయిన ఆ వ్యాసం సంగతి తెలిసినప్పుడు మన ముసలివాళ్ళే గుర్తొచ్చారు.

మడ అంటే తెలియని పిల్లలున్నారు గనుక రెండు మాటలు. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉప్పునీరు, మంచినీరు కలిసే బురదలో పెరిగే అడవి అది. నల్ల మడ, తెల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న, గుగ్గిలం, కళింగ అని రకాలు. మడ చెట్టు వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. ఉప్పు పొన్న అయితే గింజ చెట్టు మీదనే మొలకెత్తి, మొలకతో సహా కిందికి జారుతుంది. రొయ్య పిల్ల, పీత, చేపపిల్ల పెరిగేది ఆ వేళ్ళ నడుమనే. బావురుపిల్లి తిరిగేదీ అక్కడే.

అయితే ఆ అడవి ఎవరిది? కాగితం మీద సర్కారుది. చుట్టుపక్కల ఊళ్ళవారికి వంటచెరకు, గుంజలు, గేదెలకు మేత, వలలకు రంగు పట్టించే బెరడు అక్కడివే. అందరిదీ అనుకున్నది చివరికి ఎవరిదీ కాకుండా పోయింది. 1989లో కృష్ణా అభయారణ్యం ప్రకటించారు. మంచిదే. కానీ కంచె వేసి "మీరు రావద్దు" అంటే పక్కనున్న బెస్తవాడికి ఆ చెట్టు మీద ప్రేమ ఎలా ఉంటుంది? ఆ వెంటనే 1990లలో తీరమంతా రొయ్యల చెరువుల మోజు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చేదాకా గట్టుమీద గట్టు లేస్తూనే ఉంది.

ఇక్కడ మన చరిత్ర ఒకటి చెప్పాలి. వక్ఫ్ గురించి మనకందరికీ తెలుసు. ఖైబర్‌లోని తన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) అమ్మకుండా, పంచకుండా, దాని ఫలం మాత్రం బీదలకు చెందేలా ఉంచేసిన వైనం మౌల్వీగార్లు చెబుతూనే ఉంటారు. అంతగా చెప్పనిది 'హిమా'. ఒక పచ్చిక బయలునో, చెట్లున్న తావునో ఊరందరి మేలు కోసం కాపాడి ఉంచడం. అరబ్బు దేశంలో ఇది ఇస్లాంకు ముందూ ఉంది. అప్పుడు బలవంతులు తమ మందల కోసం దాన్ని వాడుకునేవారు. ప్రవక్త (స) ఆ పద్ధతిని ప్రజల మేలుకు తిప్పి, మదీనా దగ్గర నఖీ అనే తావును ఉమ్మడి గుర్రాల మేతకు కేటాయించారు.

ఉమర్ గారి కాలంలో హిమాకు హునయ్ అనే కాపలాదారు ఉండేవాడు. ఆయనకు ఖలీఫా ఇచ్చిన ఆజ్ఞ బుఖారీలో ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానీ, పెద్ద మందలున్న ఫలానా ఫలానా ధనవంతుల విషయంలో మాత్రం జాగ్రత్త అన్నారు. ఆ ధనవంతులు సామాన్యులు కారు, గొప్ప సహాబాలు! వారి మందలు పోయినా తోటలున్నాయి, పేదవాడి మంద పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని నా గుమ్మం ముందు నిలబడతాడు అని కారణం కూడా చెప్పారు. మన తీరంలో చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరిగింది. గుంజ కొట్టినవాడికి జరిమానా, చెరువు తవ్వినవాడికి దారి.

మళ్ళీ మన దివిసీమకు వద్దాం. 1997 నుంచి 2004 వరకు స్వామినాథన్ ఫౌండేషన్ వారు అటవీశాఖతో, తీర గ్రామాలవారితో కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో పనిచేశారు. మడ ఎందుకు తిరిగి మొలవటం లేదో ముందు పరిశీలించారు. నరికిన నేల ఎండకు కుంగి గిన్నెలా అవుతుంది. పోటుకు వచ్చిన నీరు అందులో నిలిచి ఆవిరైపోతే మిగిలేది ఉప్పే. అందులో మొక్క బతకదు. అందుకని పెద్ద కాలువ ఒకటి తవ్వి, దానికి రెండు వైపులా చేప ముల్లులాగా ఏటవాలు పిల్లకాలువలు తీశారు. పోటుకు నీరు వస్తుంది, పాటుకు పోతుంది, ఉప్పు కడుక్కుపోతుంది. ఆ గట్ల వాలులో మొక్కలు పెట్టారు. తవ్వింది, నాటింది ఊరివాళ్ళే. మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులంటే ఇంటికి ఒక మగ, ఒక ఆడ సభ్యులు. నా ఉద్దేశంలో కాలువకన్నా ఆ రెండో పేరు గొప్పది. పుల్లల కోసం అడవికి వెళ్ళేది ఎవరో అందరికీ తెలిసిందే కదా!

కాలువకు పూడిక తీయకపోతే మూసుకుపోతుంది. తీయాలంటే ఆ పని తెలిసిన తర్వాతి తరం కావాలి. ఈ బెంగ నాకు మన వృత్తి వల్ల కలిగింది. బందరు అద్దకం ఎరుపు ఒకప్పుడు మన తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరువేరు నుంచి వచ్చేది. 1869లో ఐరోపాలో రసాయనపు ఎరుపు తయారీకి పేటెంట్లు తీసుకున్నారు. క్రమంగా వేరు తవ్వేవారు తగ్గిపోయారు. ఈనాడు పెడనలో అచ్చు కొట్టే ఇంట్లో పుట్టిన పిల్లవాణ్ణి తీసుకెళ్ళి ఇసుకలో ఆ మొక్క చూపించమంటే ఏం చూపిస్తాడు? మా మనవడికి ఆ పేరే కొత్త.

లెబనాన్‌లో పక్షి సంరక్షకులు 2004 నుంచి ఊరూరా పాత హిమాలను పునరుద్ధరిస్తున్నారు. దానికి తోడు 'గోడలు లేని బడి' అని పిల్లల్ని ఆ నేలమీదికే తీసుకెళ్ళి పాఠం చెబుతున్నారు. మన పిల్లలకు సంఘం తరపున నోటు పుస్తకాలు, ఉపకార వేతనాలు ఇస్తున్నాం, అల్‌హందులిల్లా. సంవత్సరానికి ఒక్క ఆదివారం కూడా ఇవ్వగలం. కార్యవర్గం ముందు నేను పెట్టిన విన్నపం ఇదే. ఉదయాన్నే పెడనలో బస్సు ఎక్కితే బందరు, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరవచ్చు. అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఆడపిల్లల్ని తప్పక తీసుకెళ్ళాలి, తల్లులూ రావాలి. పడవ మాట్లాడేది అక్కడి బెస్తవారితోనే, పాఠం చెప్పించేదీ వారితోనే. ఎక్కడ ముక్కెర దిగుతుందో, ఏ కాలువ పూడిందో మనకన్నా వారికే బాగా తెలుసు.

పోయిన సమావేశంలో ఒక పెద్దాయన "బురదలోకి పిల్లల్ని ఎందుకు భాయ్" అన్నారు. పోటు ఎన్నింటికో కనుక్కుని వెళితే మోకాలు లోతు కూడా ఉండదని చెప్పాను. చెప్పులు మాత్రం పడవలోనే వదిలేయాలి.