గెట్టు మీది రాయి

నల్లగొండ జిల్లా పెద్దవూర చెల్కల్లో ఏటా మొదట చేతికొచ్చే పంట రాయి. తొలకరి పడి దుక్కి దున్నితే చాలు, నిరుడు కనపడని రాళ్లు సాలు పొడుగునా పైకి తేలతాయి. వాటిని తట్టలకెత్తి గెట్టు మీద వేస్తారు. తండ్రి ఏరిన రాయి మీద కొడుకు ఏరిన రాయి పడుతుంది. సున్నం లేదు, సిమెంటు లేదు, మట్టిముద్ద కూడా లేదు. అడుగున పెద్ద బండ, సందుల్లో చిప్పరాళ్లు, పైన బరువుకు గుండు. మోకాలెత్తు లేవడానికి రెండు తరాలు పడుతుంది.

ఈ నేలలో రాయికి కరువు లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి పురాతన శిలల వరుసకు పెద్దవూర షిస్టు పట్టీ అని ఊరి పేరే పెట్టుకున్నారు. దాని వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. పక్కనే ఉన్న నాగార్జునసాగర్ కూడా రాతికట్టే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటిగా చెప్పుకుంటాం. అక్కడ రాయి మోసిన పాలమూరు కూలీల కష్టం గురించి కొంతైనా రాశారు. చేల మధ్య రాయి పేర్చిన వాళ్ల గురించి రాసింది చాలా తక్కువ.

గెట్టంటే హద్దు మాత్రమే అనుకుంటాం. గెట్టు పంచాయితీలు తలలు పగిలేదాకా పోయిన ఊళ్లున్నాయి కాబట్టి ఆ మాటే ముందు గుర్తొస్తుంది. వాన జోరుగా పడుతున్నప్పుడు పల్లపు మూల దగ్గర నిలబడి చూస్తే దాని అసలు పని తెలుస్తుంది. ఎర్రనీళ్లు ఉరుక్కుంటూ వచ్చి రాళ్లకు తగిలి నెమ్మదిస్తాయి. నీరు సందుల్లోంచి జారిపోతుంది, ఒండ్రు ఇటే ఆగిపోతుంది. మట్టికట్టయితే నీరు నిండి ఎక్కడో ఒకచోట గండి పడుతుంది, ఆ గండి వెంట చేను సగం వాగులో కలుస్తుంది. రాళ్లగెట్టుకు ఆ భయం తక్కువ. ఏటా కొంత మట్టి చేరి, కొన్నేళ్లకు చేను తనంతట తానే చదునవుతుంది. రైతు ఒక్క రూపాయి అప్పు చేయకుండా, కూలి లేని రోజుల్లో కట్టుకున్న నిర్మాణం ఇది.

దాని మీద పెరిగేదాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. వావిలి, జిల్లేడు, తంగేడు, రేగు, సీతాఫలం, అక్కడక్కడ తాటి, వేప. మేకకు మేత, పొయ్యికి పుల్ల, పిల్లలకు పండు. రాళ్ల సందున ఉడుము, పొద కింద కౌజు. ఆ వేళ్లే రాళ్లను పట్టి ఉంచుతాయి. ఇవాళ కంచె అనగానే కళ్లముందు నిలిచేది సర్కారు తుమ్మ. ఈ నేలది కాదది. 1877 ప్రాంతంలో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో అటవీశాఖ నాటించింది. అది దేశమంతా పాకింది, పాత కంచె మొక్కల చోటును చాలాచోట్ల మింగేసింది.

ప్రభుత్వం నేలకోత మీద డబ్బు పెట్టలేదని కాదు, చాలానే పెట్టింది. 1949లో మద్రాసు రాష్ట్రం కాంటూరు గట్ల కోసం చట్టమే చేసింది. రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. సమాన ఎత్తున గీత గీసి, ఆ గీత వెంట కట్ట వేయాలన్నది ఆ పద్ధతి. శాస్త్రం తప్పు కాదు. కానీ ఆ గీత చేలను అడ్డంగా కోస్తూ పోతుంది. ఒకరి చేను రెండు ముక్కలవుతుంది, మూలల్లో ఎడ్లు తిరగవు, ఒకరి నీళ్లు ఇంకొకరి మీద పడతాయి. ఇంజినీరు లెవెల్ యంత్రం పెట్టి చూసింది వాలును. రైతుకు వాలుతో పాటు హద్దు కావాలి.

1984లో ప్రపంచ బ్యాంకు సాయంతో హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో నమూనా వాటర్‌షెడ్ మొదలైంది. అక్కడ మట్టికట్టల బదులు వట్టివేరు వరసలు నాటించారు. ప్రజాధనంతో పచ్చని కంచె వేయడానికి తెలుగు నేల మీద జరిగిన పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. ఆ ఆలోచనకు బలమిచ్చిన ఉదాహరణ మైసూరు ప్రాంతంలో ఉంది. గుండ్లుపేట రైతులు ఏ పథకమూ లేకుండానే తరాలుగా పొలాల హద్దుల మీద వట్టివేరు పెంచుకుంటున్నారు. వాళ్లు నాటింది హద్దు మీద, పథకం నాటించింది కాంటూరు గీత మీద. నా దృష్టిలో చిక్కంతా ఆ తేడాలోనే ఉంది. 1992లో పరిశోధకులు జాన్ కెర్, ఎన్.కె. సంఘీ రాసిన పత్రం ఈ సంగతినే బయటపెట్టింది. దక్కన్ రైతులకు నేల కాపాడుకోవడం తెలుసు, వాళ్లు హద్దు గెట్ల మీదే కొంచెం కొంచెంగా కష్టం పెడతారు, పైనుంచి వచ్చి పడ్డ కట్టలను మాత్రం దున్నేస్తారు.

ఆ తర్వాత కరీంనగర్ బిడ్డ, ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ సూచనలతో 1995 ఏప్రిల్ నుంచి వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఊరి సంఘానికే నిధులు, హెక్టారుకు 4,000 రూపాయలు, కాంట్రాక్టరుకు చోటు లేదు, సొంత భూమిలో పనికి రైతు వాటా పదో వంతు. చాలా మంచి మలుపు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. తొలి విడత జిల్లాల్లో నల్లగొండ కూడా ఉంది. ఎండాకాలం పొద్దున్నే శ్రమశక్తి సంఘాల ఆడవాళ్లు దళిత, గిరిజన రైతుల చేలల్లో రాళ్లు ఏరారు, తుప్పలు కొట్టారు, గెట్లు పేర్చారు. ఆ పనికి కూలి దక్కడం చిన్న సంగతి కాదు.

అయినా ఈ పథకాలన్నీ డబ్బిచ్చింది కొత్త పనికి. తాత పేర్చిన గెట్టును నిలబెట్టుకున్నందుకు ఎవరూ పైసా ఇవ్వలేదు. ఇంకోవైపు పాత గెట్టు అవసరమే తగ్గుతూ వచ్చింది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు నేల రూపే మారింది. నీళ్లు కాలువలో వస్తుంటే వాననీటిని ఆపే గెట్టు ఎవరికి కావాలి? మడి చదునైతే చాలు, గెట్టు సన్నబడితే ఇంకో వరుస నాటు. కాలువ ఎక్కని మెరకల్లోనూ ఇప్పుడు జేసీబీ గంటల లెక్కన వస్తోంది. రెండు తరాల రాయి ఒక్క పూటలో ట్రాక్టరెక్కి ఎవరింటి పునాదిలోకో పోతుంది.

ఇంగ్లండ్ కూడా ఈ దారిలో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండిగింజల కోసం పొలాల కంచెలు తీసేయమని అక్కడి ప్రభుత్వం రైతులకు డబ్బిచ్చింది. తర్వాతి తరంలో అదే ప్రభుత్వం కంచెలు నాటడానికీ, కూలిన రాతిగోడలు లేపడానికీ మీటర్ల లెక్కన డబ్బివ్వడం మొదలుపెట్టింది. ఐర్లండ్‌లో 2015లో మొదలైన గ్లాస్ పథకం ఇంకో అడుగు ముందుకేసింది. ఉన్న రాళ్లగోడను పడిపోకుండా చూసుకున్నందుకు ఏటా మీటరుకు 70 సెంట్లు చెల్లించింది. గారలేని రాతిగోడల విద్యను 2018లో యునెస్కో 8 యూరప్ దేశాల వారసత్వంగా గుర్తించింది, 2024లో మరో 5 దేశాలు చేరాయి. ఆ విద్య పెద్దవూరలోనూ ఉంది, వడ్డెరల చేతుల్లో, చెల్క రైతుల చేతుల్లో.

మనకు కావలసింది పెద్ద పథకమేమీ కాదు. ఊరి మెరక చేలల్లో మిగిలిన రాళ్లగెట్లను గ్రామసభ టేపు పట్టి కొలవాలి. మీటరుకు ఇంతని ఏటా వానకాలం ముగిశాక చెల్లించాలి, జారిన రాయి మళ్లీ ఎక్కిందా, వావిలి పొద బతికి ఉందా చూసి. చెల్లింపు కాగితం మీద రెండు వైపుల రైతులూ సంతకం పెట్టాలి. గెట్టు ఇద్దరిదీ కదా.