బీకన్ లేనిదే కొలత లేదు: కోనసీమలో మైక్రోవేవ్ హామ్ రేడియో

కొబ్బరి తోటల్లో మైక్రోవేవ్ పనిచేయదని సులువుగా అనేస్తారు. అందులో సగం నిజం ఉంది. ఏ సగమో తేల్చుకోవాలంటే లెక్క ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడి నుంచి కొలతే మాట్లాడాలో ముందు విడదీసుకోవాలి. ఈ వ్యాసంలోని అంకెల్లో చాలావరకు లెక్క వేసి తీసినవే. ఏది లెక్కో ఏది పరిశీలనో కలిసిపోకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమ నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మిగతా చోట్ల మైక్రోవేవ్ ప్రయోగాలు చేసే హామ్‌లు, అంటే లైసెన్సు ఉన్న ఔత్సాహిక రేడియో ప్రయోగకర్తలు, డిష్ భుజాన వేసుకుని కొండెక్కుతారు. ఇక్కడ ఎక్కడానికి కొండ లేదు, ఉన్నదల్లా డాబా. అమలాపురం నుంచి రాజోలుకు సరళరేఖలో సుమారు 21 కిలోమీటర్లు, కొత్తపేటకు దాదాపు 20. దూరం తక్కువే. చిక్కంతా మధ్యలో ఉంది. 21 కిలోమీటర్ల దారికి నడిమధ్యన భూమి వంపే ఆరున్నర మీటర్లు పైకి వస్తుంది. దాని మీద 20 మీటర్ల కొబ్బరి చెట్లు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు, చుట్టూ కొంత ఖాళీ అడుగుతుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర అలాంటి ఖాళీ మరో ఏడున్నర మీటర్లు కావాలి. మొత్తం కలిపితే రెండు ఊళ్లలోనూ యాంటెన్నాలు సుమారు 34 మీటర్ల ఎత్తున ఉంటే తప్ప దారి శుభ్రంగా ఉండదు. అది సెల్ టవర్ ఎత్తు. డాబా మీద గొట్టం నిలబెట్టి అందుకునే ఎత్తు కాదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ ఆగేముందు లెక్క రెండోవైపు కూడా చూడాలి. 60 సెంటీమీటర్ల డిష్‌లు రెండు, ప్రసారానికి 200 మిల్లీవాట్లు అనుకుందాం. అడ్డేమీ లేని 21 కిలోమీటర్ల దారిలో 10 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మోర్స్ వినగలిగే కనీస స్థాయికి 90 డెసిబెల్స్ పైచిలుకు ఎత్తున చేరుతుంది. 10 డెసిబెల్స్ అంటే పది రెట్లు, 20 అంటే వంద రెట్లు. కాబట్టి 90 అంటే వంద కోట్ల రెట్లు. చెట్లు తినగా మిగిలేదానితోనే పని జరగవచ్చు. వైఫై లాంటి వెడల్పైన సిగ్నల్‌కు ఈ వెసులుబాటు ఉండదు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పు వినే రిసీవర్‌లోకి వచ్చే రణగొణ (నాయిజ్), 500 హెర్ట్జ్ మోర్స్ వినే రిసీవర్‌తో పోలిస్తే 46 డెసిబెల్స్ ఎక్కువ. చెట్ల వెనక ఇంటర్నెట్ లింకు చచ్చిపోవడం నిజమే. అంతమాత్రాన మోర్స్ చుక్క చచ్చిపోవాలని లేదు.

మరి చెట్లు ఎంత తింటాయి? 1982 నాటి వైస్‌బెర్గర్ సూత్రం ప్రకారం 30 మీటర్ల మందం ఆకుల్లో 10 గిగాహెర్ట్జ్ సుమారు 19 డెసిబెల్స్ నష్టపోతుంది, 435 మెగాహెర్ట్జ్ ఎనిమిదికి లోపు. ఆ సూత్రం 400 మీటర్ల మందం వరకే చెల్లుతుంది. అక్కడ 10 గిగాహెర్ట్జ్ నష్టం 87కు చేరుతుంది, అంటే మన 90 డెసిబెల్స్ నిల్వ దాదాపు ఖాళీ. అయితే ఆ సూత్రం పుట్టింది సమశీతోష్ణ ప్రాంతాల దట్టమైన చెట్ల కొలతల నుంచి. కొబ్బరి చెట్టు రూపమే వేరు. కింద నున్నటి మాను, పైన మట్టల గుత్తి. తోటలో నిలబడి చూస్తే మానుల సందుల్లోంచి దూరం కనిపిస్తుంది, అరటి, కోకో అంతరపంటలు లేకపోతే. డిష్‌ను పైకెత్తి మట్టల్లోకి తీసుకెళ్లడం కంటే కింద ఉంచితేనే నయమయ్యే సందర్భాలు ఉండవచ్చు. ఇది నా అనుమానమే. తేల్చాల్సింది కొలత.

కొలవాలంటే ఎప్పుడూ ఒకే శక్తితో, ఒకే చోటి నుంచి మోగుతూ ఉండే సిగ్నల్ కావాలి. దాన్నే బీకన్ అంటారు. మిత్రుడు రాజోలు నుంచి పిలిచి నాకు వినపడకపోతే, అతను అసలు పిలిచాడా, డిష్ పక్కకు తిరిగిందా, నిజంగానే దారి మూసుకుపోయిందా చెప్పలేను. బీకన్ వినపడకపోతే ఆ మౌనానికీ అర్థం ఉంటుంది.

ఈ ఆలోచనకు పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. ప్రపంచవ్యాప్తంగా 18 కేంద్రాలతో నడిచే అంతర్జాతీయ బీకన్ వ్యవస్థలో శ్రీలంక కేంద్రం 4ఎస్7బీ ఒకటి, కోనసీమకు సుమారు 1,100 కిలోమీటర్లు. 14.100 మెగాహెర్ట్జ్ మీద మూడు నిమిషాలకోసారి పది సెకన్లపాటు దాని వంతు వస్తుంది. ముందు తన పేరు మోర్స్‌లో పంపుతుంది. తర్వాత నాలుగు పొడుగు గీతలు: మొదటిది 100 వాట్లతో, రెండోది 10తో, మూడోది ఒక్క వాటుతో, నాలుగోది పదో వంతు వాటుతో. ఎన్ని గీతలు వినిపించాయో లెక్కపెట్టుకుంటే చాలు, ఆ పూట దారి ఎలా ఉందో తెలిసిపోతుంది. ఖరీదైన మీటరేదీ అక్కర్లేదు. ఇది షార్ట్‌వేవ్ బీకన్, మైక్రోవేవ్ కాదు. పద్ధతి మాత్రం అదే.

తెలుగు నేల మీద నుంచి ఎగిరిన బీకన్ కూడా ఒకటుండేది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను కక్ష్యలో పెట్టింది. 435 మెగాహెర్ట్జ్ మీద పిలిస్తే 145 మీద తిరిగి వినిపించే ఆ ఉపగ్రహంలో ఒక ట్రాన్స్‌పాండర్ (వచ్చిన సిగ్నల్‌ను మరో ఫ్రీక్వెన్సీ మీద తిరిగి పంపే పరికరం) మనవాళ్లు చేసినది, మరొకటి నెదర్లాండ్స్ విద్యార్థి చేసినది. 2014 జులైలో మూగబోయింది. అది తల మీదుగా పోయే కొద్ది నిమిషాల్లోనే వినాలి, పైగా దూరం క్షణక్షణం మారిపోతుంది. చెట్ల నష్టం కొలవడానికి అలాంటి ఆధారం అంత పనికిరాదు.

2018 నవంబరు 15న ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హెయిల్-2తో పరిస్థితి మారింది. దాని మీది హామ్ ట్రాన్స్‌పాండర్లను క్యూఓ-100 అంటారు. భూస్థిర కక్ష్యలో, అంటే ఆకాశంలో ఒకేచోట కనిపించే కక్ష్యలో, హామ్‌లకు దక్కిన మొదటి ట్రాన్స్‌పాండర్లు ఇవే. 2.4 గిగాహెర్ట్జ్ మీద పంపితే 10.489 గిగాహెర్ట్జ్ మీద తిరిగి వస్తుంది. 10489.750 మెగాహెర్ట్జ్ మీద దాని బీకన్ నిరంతరంగా మోగుతూ ఉంటుంది. వినడానికి ఇంటి మీది డీటీహెచ్ డిష్ లాంటిదొకటి, దాని ముందు బిగించి సిగ్నల్‌ను కింది ఫ్రీక్వెన్సీకి దించే యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ, కంప్యూటర్‌కు తగిలించే ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ రేడియో) డాంగుల్ చాలు. ఎల్‌ఎన్‌బీ 9750 తీసివేయగా మిగిలిన 739.75 మెగాహెర్ట్జ్ డాంగుల్ పరిధిలోకే వస్తుంది.

ఆ ఉపగ్రహం దాదాపు 26 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అమలాపురం నుంచి లెక్కవేస్తే నడిపడమరకు 11 డిగ్రీలు దక్షిణంగా, నేలకు ఇరవైనాలుగున్నర డిగ్రీల ఎత్తులో కనిపించాలి. పక్కింటి డీడీ ఫ్రీడిష్ చూసే జీశాట్-15 ఆగ్నేయాన 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. తేడా ఇక్కడే. ఫ్రీడిష్ చెట్ల మీదుగా చూస్తుంది, మన డిష్ చెట్లలోకి చూస్తుంది. రెండు మీటర్ల ఎత్తున పెట్టిన డిష్‌కు పడమర పక్క 15 మీటర్ల చెట్టు ఉంటే, అది కనీసం 29 మీటర్ల దూరంలో ఉంటేనే దారి తెరుచుకుంటుంది. కోనసీమ పెరళ్లలో అంత ఖాళీ దొరకడం అదృష్టం. మామూలు ఆఫ్‌సెట్ డిష్‌ను ఈ కోణానికి తిప్పితే దాదాపు నిటారుగా నిలబడుతుంది. ఎదురింటి గోడను చూస్తోందని ఎవరైనా నవ్వినా మార్చకూడదు.

అసలు ఇరకాటం ఎల్‌ఎన్‌బీ తిప్పడంలో ఉంది. బీకన్ నిలువు ధ్రువణంతో వస్తుంది. అయితే ఆ నిలువు ఉపగ్రహానికి నిలువు. అది మనకు పడమరన అంత దూరంలో ఉండటంతో, మన నిలువుతో పోలిస్తే సుమారు 70 డిగ్రీలు వాలి వస్తుంది. ఉపగ్రహం యాంటెన్నా భూమధ్యరేఖకు సరిగ్గా సర్ది ఉందనే ఊహ మీద వేసిన లెక్క ఇది. ఎల్‌ఎన్‌బీని మామూలుగా నిటారుగా బిగించి, నిలువు కోసం 13 వోల్టులు ఇస్తే తొమ్మిది డెసిబెల్స్‌కు పైగా పోతుంది. అదే ఎల్‌ఎన్‌బీకి అడ్డం కోసం వాడే 18 వోల్టులు ఇస్తే పోయేది అర డెసిబెల్. ఈ సంగతి తెలియనివారు తొమ్మిది డెసిబెల్స్ నష్టాన్ని కొబ్బరి మట్టల ఖాతాలో రాసేస్తారు. చెట్టు నష్టంగా కనిపించేదానిలో ఇలాంటి బిగింపు లోపాలు ఎంత కలిసి ఉంటాయో చూపించకుండా ఎవరు అంకె చెప్పినా నేను నమ్మను.

ఎండ వేడికి ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ జరగడం మరో మోసం. పాతరకం ఎల్‌ఎన్‌బీలో మధ్యాహ్నానికి బీకన్ తెర మీద నుంచి పక్కకు పోతుంది, పోయిందనుకుంటాం. ఫ్రీక్వెన్సీని స్థిరంగా పట్టి ఉంచే పీఎల్‌ఎల్ రకం తీసుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

దారి తెరిచి ఉందో లేదో తేల్చడానికి ఖర్చులేని పరికరం సూర్యుడు. ఏటా మార్చి 13, 14 తేదీల్లో సాయంత్రం నాలుగూ ఇరవైఅయిదు ప్రాంతంలో, సెప్టెంబరు 29, 30 తేదీల్లో నాలుగు దాటిన కాసేపటికి, కోనసీమ నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ సమయానికి డిష్ పెట్టదలచుకున్న చోటికి వెళ్లి నిలబడాలి. ముఖాన ఎండ కొడితే దారి తెరిచి ఉంది. మట్టల నీడ పడితే చెట్టు అడ్డం. నీడలోంచి వెలుగు చారలు కదులుతుంటే గాలికి సిగ్నల్ కూడా అలాగే ఊగుతుందని ఊహించవచ్చు. డిష్ అప్పటికే బిగించి ఉంటే ఆ కొద్ది నిమిషాలు రణగొణ పెరిగి బీకన్ తగ్గినట్టు కనిపిస్తుంది. అది లోపం కాదు, డిష్ సరైన వైపే చూస్తోందనడానికి రుజువు.

వాన సంగతి కొంచెం తేలిక. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) సూత్రాల ప్రకారం గంటకు 50 మిల్లీమీటర్ల వానలో 10 గిగాహెర్ట్జ్ కిలోమీటరుకు ఒకటిన్నర డెసిబెల్స్‌కు కాస్త పైగా, 100 మిల్లీమీటర్లయితే నాలుగు దాకా నష్టపోతుంది. 1.3 గిగాహెర్ట్జ్ మీద ఆ వాన ఉన్నా లేనట్టే. కుండపోత సాధారణంగా కొద్ది కిలోమీటర్ల మేరకే పడుతుంది కాబట్టి దారి పొడవంతటినీ గుణించేయకూడదు. అయితే తడిసిన మట్టల నష్టం వాన వెలిశాక కూడా కొంతసేపు ఉంటుంది. వాన ఆగిన క్షణం, సిగ్నల్ కోలుకున్న క్షణం రెండూ విడివిడిగా రాసి పెట్టుకుంటే తప్ప ఏది వాన వాటా, ఏది ఆకుల వాటా అనేది తేలదు.

అందరికీ ఆశ పుట్టించేది సముద్రం. నీటి మీది తేమ గాలిపై వెచ్చని పొడిగాలి పరుచుకుంటే తరంగాలు ఆ పొరల మధ్య చిక్కుకుని భూమి వంపు వెంట పోతాయి. 1957 జులైలో జాన్ చాంబర్స్ కాలిఫోర్నియా నుంచి, రాల్ఫ్ థామస్ హవాయి నుంచి 144 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 4,000 కిలోమీటర్ల దూరం ఇలాగే మాట్లాడుకున్నారు. తర్వాత మౌనా లోవా పర్వతం మీద బీకన్లు పెట్టాకే ఆ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో క్రమం తప్పకుండా తెలియసాగింది. ఓడలరేవు, అంతర్వేది తీరాల నుంచి బంగాళాఖాతం మీదుగా అలాంటి దారి తెరుచుకోవచ్చా? భౌతికశాస్త్రం కాదనదు. కానీ హవాయి దారికి స్థిరమైన అధిక పీడనం, వేల అడుగుల పర్వతం రెండూ తోడున్నాయి. మనకు పర్వతం లేదు. కాబట్టి ఆ దూరాలను ఇక్కడికి అరువు తెచ్చుకోవడం తొందరపాటే అవుతుంది.

తుపాను రక్షణ పేరుతో మైక్రోవేవ్‌ను అమ్మడం కూడా తగదని నా అభిప్రాయం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు పడిపోయిన వాటిలో చెట్లూ స్తంభాలూ ఉన్నాయి. గాలికి కొన్ని డిగ్రీలు పక్కకు తిరిగినా దారి తప్పే డిష్ అలాంటి రాత్రి పనికొచ్చే సాధనం కాదు. దానికి షార్ట్‌వేవ్, వీహెచ్‌ఎఫ్ ఉన్నాయి. మైక్రోవేవ్ ప్రయోగం విలువ జ్ఞానంలో ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటం దేనికి?

సొంతంగా బీకన్ ప్రసారం చేయాలంటే లైసెన్సు, ఆ బ్యాండుకు అనుమతి రెండూ తప్పనిసరి. ఉదాహరణకు 1260–1300 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండులో మనం ఒంటరిగా లేము. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల గాలులను కొలిచే రాడార్ 1280 దగ్గరే పనిచేస్తుంది. వినడంతో మొదలుపెట్టడమే మేలు.

మొదటి ప్రయోగానికి నేను సూచించేది ఇదీ: ఒకే రకం డిష్‌లు రెండు, ఒకే రకం ఎల్‌ఎన్‌బీలు రెండు. ఒకటి పడమరన తోట ఉన్న పెరట్లో, రెండోది దగ్గర్లోని చెట్లు లేని రొయ్యల చెరువు గట్టు మీద. రెండూ ఒకే సమయంలో అదే బీకన్‌ను వింటూ నిమిషానికోసారి స్థాయి నమోదు చేయాలి. వాన, ఉపగ్రహం శక్తిలో మార్పులు, సూర్యుడి రణగొణ దాదాపు రెంటికీ సమానంగానే తగులుతాయి, తేడాలో కొట్టుకుపోతాయి. మిగిలేది ఎక్కువభాగం తోట వాటా. వారం తర్వాత రెండు ఎల్‌ఎన్‌బీలను ఒకదాని స్థానంలో ఒకటి మార్చి మళ్లీ కొలవాలి. తేడా డిష్ వెంట కాక ఎల్‌ఎన్‌బీ వెంట పోతే, కొలిచింది చెట్టును కాదు. కొబ్బరి దింపు రోజు కూడా పట్టికలో రాయాలి, ఎండిన మట్టలు కొట్టేసి గుత్తి పలచబడ్డాక అంకె మారుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.