శిక్ష తగ్గింపు తిరస్కరిస్తే... హైకోర్టే దిక్కు

స్వాతంత్య్ర, గణతంత్ర దినోత్సవాలు సమీపిస్తున్నాయంటే యావజ్జీవ ఖైదీల కుటుంబాలు విడుదల జాబితా కోసం ఆశగా ఎదురుచూస్తాయి. అందులో తమవారి పేరు లేకపోతే అంతా ముగిసిపోయిందని కుంగిపోతాయి. అయితే తిరస్కరణే తుది మాట కాదు. దానిని న్యాయస్థానంలో ప్రశ్నించవచ్చు.

శిక్ష తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 473వ సెక్షన్ ద్వారా లభిస్తుంది. 2024 జులై 1కి ముందు ఇది నేర విచారణ స్మృతిలో 432వ సెక్షన్‌గా ఉండేది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడిన వారు కనీసం 14 ఏళ్లు జైలులో గడపాలి. శిక్ష ఏ రాష్ట్రంలో పడిందో ఆ రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయం తీసుకోవాలని 2024 జనవరిలో బిల్కిస్ బానో కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కారణాలు చెప్పాల్సిందే

తిరస్కరణ ఉత్తర్వులో కారణాలు క్లుప్తంగానైనా ఉండాలని, వాటిని జైలు అధికారుల ద్వారా ఖైదీకి వెంటనే తెలపాలని, సవాలు చేసే హక్కు ఉందని కూడా చెప్పాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక మొదట ఉత్తర్వు ప్రతిని తీసుకోవాలి.

రిట్ పిటిషన్

ఈ ఉత్తర్వుపై చట్టంలో ప్రత్యేక అప్పీలు లేదు. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. అక్కడ నేరం చేశాడా లేదా అన్నది మళ్లీ చర్చకు రాదు. నిర్ణయం సక్రమంగా జరిగిందా అన్నదే ప్రశ్న. నేరం మళ్లీ చేసే అవకాశం, ఇంకా నిర్బంధించడంలో ప్రయోజనం, కుటుంబ ఆర్థిక స్థితి వంటి అంశాలను చూడాలని 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. వీటిని విస్మరించినా, శిక్ష వేసిన న్యాయస్థానం జడ్జి కారణాలు లేకుండా అభిప్రాయం పంపినా ఉత్తర్వు నిలవకపోవచ్చు.

అయితే హైకోర్టు సాధారణంగా నేరుగా విడుదల చేయదు. ఉత్తర్వును కొట్టివేసి పునఃపరిశీలనకు పంపుతుంది. అక్కడా ఊరట లభించకపోతే సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చు.

ఉచిత న్యాయసహాయం

నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదికి అర్హులు. జైలు సూపరింటెండెంట్ ద్వారా గానీ, కుటుంబసభ్యులు నేరుగా గానీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 15100. శిక్షాకాలం వివరాలు, జైలులో ప్రవర్తన నివేదిక, తిరస్కరణ ఉత్తర్వు ప్రతి సిద్ధంగా ఉంచుకోవాలి.