శంఖం నుంచి చెవి మిషను దాకా

మన పెద్దవాళ్లు మాట లెక్కచేయనివాళ్లను చూసి “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు” అంటారు. తమాషా ఏమిటంటే, వినికిడి తగ్గినవాళ్లకు మొదట్లో పనికొచ్చినవి శంఖంలాంటి గుల్లలూ, జంతువుల కొమ్ములే. వెడల్పు నోరు శబ్దాన్ని పట్టేది, సన్నని కొన దాన్ని చెవిలో వేసేది.

17వ శతాబ్దంలో యూరప్‌లో చెవి బాకాలు వాడారు. 1800లో లండన్‌లో ఎఫ్.సి. రైన్ వాటిని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1819లో పోర్చుగల్ రాజు ఆరవ జాన్ కోసం ఒక సింహాసనమే చేశారు. దాని చేతులు నోరు తెరిచిన సింహాల్లా ఉంటాయి. ఆ నోట్లో పలికిన మాట గొట్టం ద్వారా రాజు చెవికి చేరేది. తర్వాత విసనకర్రల్లో, తలకు పెట్టుకునే పట్టీల్లో దాచే బాకాలు కూడా వచ్చాయి. అందరికీ దాచుకోవాలనే ఆశ! కానీ ఇంగ్లండు రచయిత్రి హేరియట్ మార్టినో తన బాకాను నలుగురిలో ధైర్యంగా వాడింది. 1834లో చెవిటివాళ్లకు ధైర్యం చెబుతూ ఒక లేఖ కూడా ప్రచురించింది.

టెలిఫోను వచ్చాక కరెంటు మిషన్లు పుట్టాయి. 1898లో అమెరికాలో మిల్లర్ హచిసన్ అలాంటిది చేశాడు. పెద్ద బ్యాటరీలు ఉండడం వల్ల మోయడం కష్టం. 1947లో ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. అది మొదట చేరింది రేడియోలోకి కాదు, చెవి మిషనులోకి! 1952 చివర్లో అలాంటివి అమ్మకానికి వచ్చాయి. 1996లో పూర్తి డిజిటల్ మిషన్లు వచ్చాయి.

ఇప్పుడు ముఖ్యంగా మూడు రకాలున్నాయి. జేబులో పెట్టుకునేదానికి వైరు ఉంటుంది, మీటలు పెద్దవి కాబట్టి వణికే చేతులకు సులువు. చెవి వెనుక పెట్టేది పిల్లలకు మంచిది. చెవి పెరిగినప్పుడు లోపలి అచ్చు మార్చుకుంటే చాలు. చెవి లోపల పెట్టేది కనబడదు, కానీ బ్యాటరీ చిన్నది, గుబిలి అడ్డుపడుతుంది, బాగా వినబడనివాళ్లకు దాని శక్తి చాలదు. కాబట్టి చిన్నదే గొప్పదని అనుకోకూడదు.

మన దేశంలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960లలో మొదలైంది. 1983లో ముంబైలో పెట్టిన జాతీయ సంస్థకు హైదరాబాదు వాడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. 1981 నుంచి కేంద్రప్రభుత్వం ఆదాయం తక్కువున్నవాళ్లకు ఇలాంటి పరికరాలు ఇచ్చే పథకం నడుపుతోంది.

ఇదంతా మన యశ్వంతనగర్‌కు ఎందుకంటే, మన సండూరు తాలూకా గనుల సీమ. పేలుళ్లు, డ్రిల్లింగు, లారీల మోత మధ్య ఎందరో బతుకుతున్నారు. రోజూ 8 గంటలు 85 డెసిబెల్స్ దాటిన మోతలో ఉంటే వినికిడి మెల్లగా దెబ్బతింటుంది, పోయినది తిరిగి రాదు. మా తాత కూడా గనిలో పనిచేసినవాడే. మిషను ఇప్పించినా పెట్టుకోడు. “నలుగురూ చెవిటోడంటారు రా” అంటాడు. అదే ముక్కు మీద కళ్లద్దాలు మాత్రం దర్జాగా పెట్టుకుంటాడు!

కళ్లద్దాలు చూసి నవ్వనివాళ్లం చెవి మిషను చూసి ఎందుకు నవ్వాలి? రెండు వందల ఏళ్లుగా మిషను చిన్నదవుతూ వచ్చింది. దాన్ని దాచుకోవాలనిపించే సిగ్గు మాత్రం తగ్గలేదు. దాన్ని తగ్గించడానికి ఇంజినీర్లు అక్కర్లేదు, మనం చాలు.