చొక్కా మీద గుర్తు



మీ ఇంట్లో స్కౌటు అబ్బాయి గానీ గైడు అమ్మాయి గానీ ఉంటే, ఏదో ఒక సాయంత్రం అరచేతిలో పట్టేంత గుడ్డముక్క తెచ్చి, "అమ్మా, దీన్ని చొక్కాకు కుట్టిపెట్టవా" అని అడిగే ఉంటారు. దారంతో కుట్టిన చిన్న బొమ్మ, కింద రెండు మూడు అక్షరాలు, చుట్టూ అంచు కుట్టు. బ్యాడ్జి అంటాం దాన్ని. కుట్టడం అయిదు నిమిషాల పని. అయితే ఆ గుడ్డ మీద ఏముండాలి, ఏముండకూడదు, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నదానికి మన సరిహద్దు సీమలో రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఈ పూట ఆ సంగతే మీతో ముచ్చటిస్తాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట గుడియాత్తం పక్కన ఒక బడిలో స్కౌటు దళాన్ని చూసుకునేవాణ్ణి. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు అందరూ ఉండేవారు. దళానికి సొంత గుర్తు కావాలని వాళ్లు అడిగారు. నాకు బొమ్మలు వేసే అలవాటు ఉంది. గుడియాత్తం అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వైకాసి నెలలో జరిగే గంగమ్మ శిరసు ఉత్సవం. చిత్తూరు గంగ జాతర చూసిన మనకు అది పరాయిది కాదు. పూలమాలల మధ్య అమ్మవారి శిరసు వేశాను. అందరూ బాగుందన్నారు. గుర్తులు కుట్టించి పంచాను. మరుసటి వారం పేర్ణంబట్టు వైపు నుంచి వచ్చే అన్నదమ్ములిద్దరు గుర్తు లేకుండా వచ్చారు. "ఇంట్లో కుట్టడానికి తీరిక లేదు సార్" అన్నారు. ఆ పై వారం వాళ్లే రాలేదు. నేను పట్టించుకోలేదు.

బడిలో ఒక పెద్ద అయ్యవారు ఉండేవారు, పలమనేరు మనిషి. ఆయన పిలిచి, "పిల్లల్ని వేలూరు కోటకు తీసుకుపోయినావు గదా నాయనా, అక్కడ ఏం జరిగిందని చెప్పినావు?" అన్నారు. సిపాయిల తిరుగుబాటు గురించి చెప్పానన్నాను. "దేనికి తిరగబడినారు?" అన్నారు. తలపాగా గురించి అన్నాను. అంతే, తరువాత ఇద్దరం మాట్లాడలేదు.

ఆ తలపాగా కథ మీకు కొంచెం వివరంగా చెప్పాలి. 1805 చివర, 1806 మొదట్లో మద్రాసు సైన్యానికి కొత్త వేషధారణ వచ్చింది. సేనాధిపతి సర్ జాన్ క్రాడక్, గవర్నరు లార్డ్ విలియం బెంటింక్. పెరేడుకు వచ్చేటప్పుడు నొసట నామం, విభూతి, బొట్టు ఏదీ ఉండరాదు. చెవిపోగులు తీసెయ్యాలి. గడ్డం గీసుకోవాలి. మీసం అందరికీ ఒకే తీరున ఉండాలి. వీటితోపాటు కొత్త నమూనా తలపాగా, దాని మీద తోలుతో చేసిన కుచ్చు గుర్తు. తయారు చేసినవాళ్లకు అది ముచ్చటైన అలంకారం. పెట్టుకోవలసినవాడికి మాత్రం అది ఏ జంతువు తోలో తెలియదు. ఆవుదని హిందువుకు అనుమానం, పందిదని ముస్లిముకు అనుమానం. ఆ తలపాగా దొరల టోపీలా ఉందనీ, దీని తరువాత మతమే మార్చేస్తారనీ బజారంతా పుకారు.

మే నెలలో వేలూరులోనే కొందరు సిపాయిలు పెట్టుకోమన్నారు. వాళ్లలో ఒక హిందువుకు, ఒక ముస్లిముకు చెరి 900 కొరడా దెబ్బలు శిక్ష వేసి సైన్యం నుంచి తీసేశారు. జులై 10 తెల్లవారకముందే కోటలోని సిపాయిలు లేచారు. 69వ రెజిమెంటు తెల్ల సైనికుల మీద పడ్డారు, కోట మీద టిప్పు సుల్తాన్ జెండా ఎగరేశారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాడు. తెల్లవాళ్లలో వందకు పైగా, సిపాయిలలో వందల మంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు బెంటింక్‌నూ క్రాడక్‌నూ వెనక్కి పిలిపించారు. కొత్త తలపాగా ఆజ్ఞను రద్దు చేశారు.

ఇదంతా ఒక్క తలపాగా వల్లే జరిగిందని నేననను. శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కుటుంబాన్ని ఆ కోటలోనే ఉంచారు, ఆ సంగతీ ఇందులో ఉంది. జీతాల అసంతృప్తీ ఉంది. ఏది ఎంత అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం గమనించండి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఉత్తర హిందూస్థానంలో సిపాయిని 'తిలంగా' అనే అలవాటు మన పేరు మీదే పుట్టింది. ఆ తలపాగా నమూనా ఖాయం చేసేటప్పుడు ఒక్క తిలంగానైనా పిలిచి, "ఇది నీకు సమ్మతమేనా" అని అడిగినవాళ్లు లేరు. ఈసారి వేలూరు పోయినప్పుడు కోటకు దగ్గర్లోనే ఉన్న స్మారక స్తంభం చూసి రండి.

అదే తలపాగా, నూటపది ఏళ్ల తరువాత, అదే మద్రాసు రాష్ట్రంలో ఇంకోలా తిరిగొచ్చింది. బేడెన్ పవెల్ ఇంగ్లండులో మొదలుపెట్టిన స్కౌటు ఉద్యమం 1909లో బెంగుళూరుకు వచ్చింది. అయితే అప్పట్లో తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే చోటు. 1916లో అనీబిసెంట్, అరండేల్ కలిసి మద్రాసు కేంద్రంగా ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. మదనపల్లె కాలేజీ వల్ల మనకు ఇంటి మనిషిలాంటి అనీబిసెంటే. ఆమె స్కౌట్లు దొరల టోపీ బదులు మన తలపాగా చుట్టుకున్నారు, సభల్లో వందేమాతరం పాడారు. 1806లో పెట్టుకోమంటే ప్రాణం పోయినా వద్దన్న గుడ్డ అదే, ఇప్పుడు పిల్లలు ఇష్టంగా చుట్టుకున్న గుడ్డా అదే. 1921లో బేడెన్ పవెల్ మన దేశం వచ్చినప్పుడు ఈ సంఘం ఆయన సంస్థలో కలిసింది. ఆ తరువాత చీలికలు వచ్చాయి, అవన్నీ ఈ పూటకు వద్దు. 1950 నవంబరు 7న అన్నీ ఒక్కటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951లో గైడ్లు కూడా చేరారు. దాని గుర్తులో స్కౌట్ల మూడు రేకుల పువ్వు, గైడ్ల మూడాకు, నడుమ అశోక చక్రం ఉంటాయి.

గుర్తుకు అర్థం ఎల్లకాలం ఒకటే ఉండదు, ఇదీ స్కౌట్లే నేర్పిన పాఠం. తొలి రోజుల్లో సాయం చేసినవారికి స్కౌట్లు ఇచ్చే కృతజ్ఞతా గుర్తు మీద స్వస్తిక్ ఉండేది. మన గడపల మీద పసుపుతో వేసుకునే శుభచిహ్నమే. జర్మనీలో హిట్లర్ పార్టీ దాన్ని తన జెండా మీద వేసుకున్నాక, బ్రిటన్ స్కౌటు నాయకులే మార్చమని అడిగారు. 1935లో వాళ్ల పతకానికి కొత్త రూపం వచ్చింది. స్వస్తిక్ చేసిన పాపం ఏమీ లేదు. కానీ చూసేవాడి కంటికి ఏం కనిపిస్తుందో కూడా లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

ఇక మన జెండా. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా అందించిన సంగతి మీకు తెలిసిందే. 1931లో కాంగ్రెసు ఖాయం చేసిన జెండా నడుమ రాట్నం ఉండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభ దాన్ని మార్చి చక్రం పెట్టింది. ఎందుకని? నెహ్రూగారు చెప్పిన కారణాల్లో ఒకటి పూర్తిగా కుట్టుపనివాడి కారణం. జెండాను రెండు వైపుల నుంచీ చూస్తారు. రాట్నం ఒకవైపు సరిగ్గా ఉంటే, రెండో వైపు తిరగబడి కనిపిస్తుంది. చక్రానికి ఆ బాధ లేదు. అదే రోజు రంగుల అర్థం వివరిస్తూ మాట్లాడినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. ఆయన తిరుత్తణిలో పుట్టారు, వేలూరు వూర్హీస్ కాలేజీలో చదివారు. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. రంగులను ఏ ఒక్క మతానికీ కట్టెయ్యకుండా ఆయన అర్థం చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఢిల్లీకి జెండా గుడ్డ తమ ఊరి నుంచే పోయిందని గుడియాత్తం పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. మగ్గాల ఊరు, లుంగీలకు పేరుపడ్డ ఊరు, ఆ గర్వానికి కారణం ఉంది.

ఇప్పుడు మళ్లీ మా గుర్తు దగ్గరికి వద్దాం. పెద్ద అయ్యవారితో మాట్లాడిన మరునాడు పాత గుర్తులన్నీ విప్పించేశాను. కొత్తది మీరే వేయండి అని పిల్లలకే వదిలిపెట్టాను. నేను చెప్పింది కొన్ని హద్దులు మాత్రమే. మీరు మీ బడిలో ఇలాంటి పని పెట్టుకుంటే అవి మీకూ పనికొస్తాయి.

సంస్థ ఇచ్చిన గుర్తును, ప్రపంచ స్కౌటు గుర్తును మార్చి గీయకూడదు, వాటికి కేటాయించిన చోటు ఆక్రమించకూడదు. మెడ స్కార్ఫుకు దళం తన రంగు ఎంచుకోవచ్చు గానీ ఆకుపచ్చ, ఊదా, పసుపు తగవు, పై సంఘం ఆమోదమూ కావాలి. నాలుగు సింహాల చిహ్నం ప్రభుత్వానిది, దాని జోలికి పోవద్దు. జెండా బొమ్మను చేతిరుమాళ్ల మీద, నడుము కింది బట్టల మీద కుట్టడం 1971 నాటి చట్టం, దాని సవరణల ప్రకారం నేరం. ఇవి పుస్తకంలో దొరికే నియమాలు. పుస్తకంలో లేనిది ఒకటి చేర్చాను: నమూనా ఖాయం చేసేముందు ప్రతి పిల్లవాడూ దాన్ని ఇంటికి తీసుకుపోయి చూపించి రావాలి. ఒక్క ఇంట్లో ముఖం చిట్లించినా, ఎందుకో అడిగి తెలుసుకోవాలి.

అక్షరాల దగ్గర పెద్ద రభస అయింది. తమిళమా, తెలుగా, ఉర్దూనా? మూడూ పెడితే గుడ్డ చాలదు. పైగా మన గుండ్రటి అక్షరాలు దారంతో కుడితే వత్తులు, గుడులు పూడిపోయి చీమల బారులా కనిపిస్తాయి. చివరికి అక్షరాలే వద్దన్నారు. పలమనేరు కొండల వైపు నుంచి దిగి గుడియాత్తం మీదుగా పాలారుకు పోయే కౌండిన్య నదిని ఒక నీలి గీతగా వేశారు. దాని మీద నేతగాడి నాడె. ఒక పిల్లవాడి తండ్రి మగ్గం మనిషి. ఆయన చూసి, "నాడె రెండు మొనలూ ఒకటే గదా, ఎటు తిప్పినా తప్పు కాదు" అని మెచ్చుకున్నాడు. తెల్ల గుడ్డ మీద ఎర్ర దారం మాత్రం వద్దన్నాడు, మొదటి ఉతుకుకే రంగు దిగుతుందని. అది మాకెవరికీ తట్టలేదు.

కొత్త నమూనా పట్టుకొని నేనే పేర్ణంబట్టు పోయాను. వాళ్ల నాయన ఇంట్లో లేడు. అమ్మ తలుపు చాటు నుంచే చూసి, "ఇది ఏరు గదా" అంది తెలుగులోనే. అన్నవాడు మరుసటి శనివారం వచ్చాడు. తమ్ముడు అప్పటికే బడి మారిపోయాడు. వాడి కోసం కుట్టించిన గుర్తు నా పెట్టెలో ఉండిపోయింది.